పెరటి మట్టిలో దొరికిన పురుగు ముక్కు పురుగేనా? పోల్చుకునే తీరు, నివారణ ఎంపిక

ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా, పాతపట్నం నుంచి పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడల దాకా సరిహద్దుకు రెండు వైపులా ఉన్న తెలుగువారి పెరళ్లలో వంగ, చిలగడదుంప, అరటి, కొబ్బరి, బంతి విరివిగా కనబడతాయి. ఈ మొక్కలకు మట్టిలోంచి వచ్చే చేటు చాలా వరకు పైకి ఒకే తీరుగా ఉంటుంది. నీళ్లు పోస్తూనే ఉన్నా మొక్క మధ్యాహ్నానికి వాడి, సాయంత్రానికి కాస్త తేరుకుని, కొన్నాళ్లకు నిలువునా ఎండిపోతుంది. పీకి చూస్తే పిల్లవేళ్లు ఉండవు, తల్లివేరు మీద బెరడు గీరేసినట్టు ఉంటుంది. చుట్టూ తవ్వితే తెల్లగా, వంకరగా ఉన్న పురుగు ఒకటి దొరుకుతుంది. దానికి వేరు పురుగు అని పేరు పెట్టి, దుకాణదారు చేతికిచ్చిన గుళికలు చల్లడంతో చాలామంది విషయం ముగిస్తారు.

ఆ ఒక్క పేరు కింద ముక్కు పురుగుల (వీవిల్) పిల్లలు, పెంకు పురుగుల పిల్లలు, కుళ్లిన ఎరువును మాత్రమే తిని బతికే నిరపాయమైన పురుగులు, చివరకు ఈగల పిల్లలు కూడా చేరిపోతున్నాయి. వీటిలో ఒకదానికి పనిచేసే పద్ధతి మరొకదానికి పనిచేయదు. కొన్నిటికి అసలు ఏ మందూ అక్కరలేదు. అందువల్ల మందు ఎంపిక అనేది పురుగును పోల్చుకున్న తరువాత చేయవలసిన పని. పోల్చుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక తెల్లని బట్ట, చెంబెడు నీళ్లు, మంచి వెలుతురు ఉంటే చాలు, భూతద్దం ఉంటే మరీ మంచిది.

ముందు కాళ్లు చూడాలి

తవ్వేటప్పుడు పూర్తిగా ఎండిన మొక్క దగ్గర కాకుండా, ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్క దగ్గర తవ్వడం మేలు. ఎండిన మొక్క కింద తినడానికి ఏమీ మిగలదు కాబట్టి అక్కడి పురుగు పక్క మొక్కకు జరిగిపోయి ఉంటుంది, లేదా కోశస్థ దశలోకి, అంటే పిల్ల తల్లి పురుగుగా మారే దశలోకి వెళ్లి మట్టి గూటిలో దాగి ఉంటుంది. మొదలుకు చుట్టూ అడుగు మేర, జానెడు లోతున మట్టిని పెళ్లగా తీసి బట్ట మీద పరిచి, గడ్డలను చేత్తో చిదుపుతూ వెతకాలి. దొరికిన పురుగును నీళ్లలో ఒకసారి కడిగితే ఒంటికి అంటిన మట్టి పోయి అవయవాలు స్పష్టంగా కనబడతాయి.

ముక్కు పురుగు పిల్లకు కాళ్లు ఉండవు. పోల్చుకోవడంలో అన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇదే. ఒళ్లు పాలమీగడ రంగులో, మెత్తగా, ముడతలతో, కొంచెం వంగి ఉంటుంది. తల మాత్రం గోధుమ రంగులో, గట్టిగా, ఒంటినుంచి విడిగా తెలుస్తుంది. కూరగాయల వేళ్లను తినే రకాలైతే పూర్తిగా ఎదిగినా సెంటీమీటరు దాటడం అరుదు, కాబట్టి తొందరపడి చూస్తే కంటికి ఆనవు.

పెంకు పురుగు పిల్ల, అంటే రైతులు సాధారణంగా వేరు పురుగు అనే తెల్లటి లావు పురుగు, దీనికి భిన్నం. దానికి తల వెనుక మూడు జతల కాళ్లు స్పష్టంగా ఉంటాయి. వేలితో కదిపితే అర్ధచంద్రాకారంలో ముడుచుకుంటుంది. తోక వైపు ఒంట్లోని మట్టి నల్లగా బయటికి కనబడుతుంది. పూర్తిగా ఎదిగినది మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కంటికి ఎదురుగా మిగిలేది ఇదే కనుక, చిన్నగా ఉన్న ముక్కు పురుగు పిల్లలు చేసిన నష్టం కూడా తరచు దీని ఖాతాలోనే పడుతుంది.

కాళ్లు లేవన్న ఒక్క గుర్తుతో ఆగిపోకూడదు. పేడగుంటలోనూ వంటింటి చెత్త వేసే కుండీలోనూ కనబడే ఈగల పిల్లలకు కూడా కాళ్లు ఉండవు. కానీ వాటికి ముక్కు పురుగు పిల్లకు ఉన్నంత గుండ్రని, గట్టి గోధుమ రంగు తల ఉండదు, ఒళ్లు ఒక వైపు సన్నబడి ఉంటుంది. ఇవి చెత్తను ఎరువుగా మార్చే పని చేస్తాయి, వాటి జోలికి పోనక్కరలేదు. ఉద్దానం వైపు జీడిమామిడి మొదట్లో దొరికే కాండం, వేరు తొలిచే పురుగు కూడా కాళ్లు లేనిదానిలాగే కనబడుతుంది. అయితే దాని ఒళ్లు వంగి ఉండదు, తల వైపు వెడల్పుగా, చదునుగా ఉండి తోక వైపు సన్నబడుతుంది, పొడవు ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చెట్టు మొదట్లో బంక కారడం, నమిలి వదిలిన రంపపు పొట్టు కుప్పగా పడటం దీని ఆనవాళ్లు. ఇది పొడవు మీసాల పెంకు పురుగు సంతానం, ముక్కు పురుగు కాదు. చెట్టులోనే ఉంటుంది కనుక మట్టిలో మందు కలిపినంత మాత్రాన చావదు, ఉలితో బెరడు తొలగించి పురుగును ఏరి తీయవలసిందే.

సన్నగా, పొడవుగా, గట్టిగా, పసుపు గోధుమ రంగులో మెరిసే పురుగు దొరికితే అది తీగ పురుగు. బూడిద నలుపు రంగులో జిడ్డుగా ఉండి, ముట్టుకోగానే చుట్ట చుట్టుకునేది, కడుపు కింద కూడా పొట్టి కాళ్లు ఉన్నది, లేత మొక్కలను రాత్రిపూట నేలమట్టానికి కొరికి పడేసే గొంగళి పురుగు. మొదలు తెగి పడిపోయిన మొక్కకూ, వేళ్లు పోయి నిలబడే ఎండిన మొక్కకూ తేడా గమనిస్తే ఈ గొంగళి పురుగును తవ్వకుండానే చెప్పవచ్చు.

వేళ్లు చెక్కుచెదరకుండా ఉంటే

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. కోస్తా ఒడిశాలోనూ ఉత్తరాంధ్రలోనూ వంగ మొక్క హఠాత్తుగా వాడిపోవడానికి బ్యాక్టీరియా ఎండు తెగులు ఒక ముఖ్యమైన కారణం. పీకిన మొక్కకు వేళ్లన్నీ నిండుగా ఉండి, కొరికిన గుర్తులు లేకపోతే పురుగును వెతకడం మానేసి, మొదలు దగ్గర కాండాన్ని కోసి, ఆ ముక్కను గాజుగ్లాసులోని శుభ్రమైన నీటిలో కోసిన కొన తగిలేలా నిలబెట్టి చూడాలి. కొద్ది నిమిషాల్లో పాలవంటి దారాలు నీటిలోకి దిగితే అది తెగులే. దానికి ఏ పురుగు మందూ పనిచేయదు. వేళ్ల మీద ముడులు ముడులుగా బుడిపెలు ఉంటే కంటికి కనబడని నులిపురుగులు కారణం. ఈ రెండు సందర్భాల్లోనూ పురుగు మందుకు పెట్టిన డబ్బు వృథా అవుతుంది కాబట్టి, ఈ చిన్న పరీక్షను మందు కొనడానికి ముందే చేయడం మంచిది.

ఆకుల మీద దొరికే సాక్ష్యం

ముక్కు పురుగులో పిల్ల నేలలో ఉంటే, తల్లి పురుగు పైన ఆకుల మీద ఉంటుంది. వంగ, బంతి, గులాబీ, మందార ఆకుల అంచుల వెంబడి అర్ధచంద్రాకారపు కోతలు వరుసగా కనబడితే బూడిద రంగు ముక్కు పురుగును అనుమానించాలి. గొంగళి పురుగు ఆకు మధ్యలో కూడా తింటుంది, కింద రెట్ట గుళికలు రాలుస్తుంది. ముక్కు పురుగు ఎక్కువగా అంచునుంచి లోపలికి కొరుకుతూ పోతుంది. ఉదయం ఎండ ముదరక ముందు మొక్క కింద బట్ట పరిచి కొమ్మను గట్టిగా కుదిపితే, అర సెంటీమీటరు పైచిలుకు ఉన్న బూడిద రంగు పురుగులు రాలి, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. కొద్దిసేపు ఆగితే మెల్లగా లేచి నడుస్తాయి. ఈ దొంగచావు వల్లనే వాటిని పోల్చుకోవడమూ తేలిక, ఏరడమూ తేలిక.

పేరును బట్టి వీటికి ఏనుగు తొండమంత ముక్కు ఉంటుందని ఊహించుకోకూడదు. ఈ జాతిలో ముక్కు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. బియ్యంలో పట్టే ముక్కు పురుగుకూ, అరటి దుంపను తొలిచేదానికీ ఉన్నంత పొడవైన ముక్కు దీనికి లేదు. మీసాలు మోచేతి దగ్గర వంగినట్టు విరిగి ఉండటం, కొసలు లావుగా ఉండటం చూస్తే అనుమానం తీరుతుంది.

ఇంటర్నెట్‌లో వేరు ముక్కు పురుగు అని వెతికినవారికి ఎక్కువగా కనబడే నల్లని పురుగు బొమ్మ చల్లని దేశాలకు చెందిన బ్లాక్ వైన్ వీవిల్‌ది. అది ఐరోపా, ఉత్తర అమెరికాలలో రోడోడెండ్రాన్, స్ట్రాబెర్రీ వంటి మొక్కల వేళ్లను తింటుంది. దానిలో మగ పురుగులు ఉండవు, అది ఎగరలేదు. దాని కోసం రాసిన నెలల పట్టికలు అక్కడి మంచు, వసంత కాలాలను బట్టి ఉంటాయి. మన దగ్గర లెక్క మొదటి వానలను బట్టి, కార్తెలను బట్టి వేసుకోవాలి. విదేశీ సలహాలోని పురుగు లక్షణాలను చదువుకోవచ్చు గానీ, తేదీలను మాత్రం అరువు తెచ్చుకోకూడదు.

ఏ మొక్క దగ్గర ఏ ముక్కు పురుగు

వంగ దగ్గర బూడిద రంగు ముక్కు పురుగు మొదలు చుట్టూ మట్టిలో గుడ్లు పెడుతుంది, పొదిగిన పిల్లలు దాదాపు రెండు నెలల పాటు వేళ్లను తిని, మట్టి గూట్లోనే కోశస్థ దశకు వెళతాయి. అంటే ఆకు అంచులు కొరికి ఉన్నప్పుడే చర్య తీసుకుంటే, మొక్క వాడడానికి ముందు మనకు కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది. చాలా పెరళ్లలో ఆకు కోతలను చిన్న విషయంగా వదిలేసి, మొక్కలు ఎండడం మొదలయ్యాక మందుకోసం పరుగెత్తడం జరుగుతుంది. పెరట్లో వంగను ఏటా ఒకే మడిలో వేయడం కూడా ఈ పురుగుకు పెద్ద అండ. మడి మార్చడానికి చోటు లేకపోతే ఒక్క పంటకాలమైనా అక్కడ జొన్న లేదా రాగి వేయడం మంచిది.

చిలగడదుంపది వేరే కథ. దాని ముక్కు పురుగు సన్నగా, చీమను పోలి ఉంటుంది. తల, రెక్కలు నీలం కలిసిన నలుపు, మధ్యభాగం, కాళ్లు ఇటుక ఎరుపు. పిల్లలు మట్టిలో తిరగవు, తీగ మొదలులోనూ దుంప లోపలా సొరంగాలు చేస్తాయి. దుంపను కోస్తే పొట్టుతో నిండిన దారులు కనబడతాయి, ఘాటైన చెడు వాసన వస్తుంది, ఉడికించినా చేదు పోదు. తల్లి పురుగు దుంప దగ్గరికి చేరేది నేల బీటల గుండానే కాబట్టి, దుంప ఊరే దశలో మట్టిని ఎగదోసి బీటలు మూయడం, నేల ఆరిపోకుండా తడి ఇవ్వడం ఈ పురుగు విషయంలో మందుకన్నా గట్టి పని. పర్లాకిమిడి వైపు ఎండితే నెర్రెలు విచ్చే మెట్ట నేలల్లో ఈ పని తప్పనిసరి, కవిటి, సోంపేట ఇసుక నేలల్లో బీటలు తక్కువ గానీ, దుంపలు పైకి తేలకుండా చూసుకోవాలి. మగ పురుగులను ఆకర్షించే లింగాకర్షక బుట్టలు కూడా దొరుకుతాయి. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థకు భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉండటం ఒడిశా వైపు ఉన్నవారికి సౌకర్యం. దుంపలు తవ్విన తరువాత మిగిలిన తీగలనూ పుచ్చు దుంపలనూ గట్టున పారేయడం మాత్రం వచ్చే పంటకు పురుగును పెంచి పెట్టడమే.

అరటి దుంపను తొలిచే ముక్కు పురుగు నల్లగా, సెంటీమీటరుకు కొంచెం పైగా ఉంటుంది, పగలు దాగి రాత్రి తిరుగుతుంది, ఎగరడం చాలా అరుదు. చెట్టు గాలికి మొదలుతో సహా పడిపోయి, దుంపలో నల్లని సొరంగాలు కనబడితే ఇదే కారణం. గెల కోసిన తరువాత మిగిలిన అరటి బోదెను మూరెడు ముక్కలుగా కోసి, నిలువునా చీల్చి, కోసిన వైపు నేలకు ఆనేలా చెట్ల మధ్య బోర్లించి పెడితే, రాత్రికి తల్లి పురుగులు దాని కిందికి చేరతాయి. రెండు మూడు రోజులకొకసారి ఎత్తి ఏరి, సబ్బు నీటిలో వేయాలి. ఖర్చు లేని ఈ పద్ధతి పెరటి అరటికి సరిపోతుంది. కొత్త పిలకను పక్క ఊరినుంచి తెచ్చినప్పుడు దుంప పైచర్మాన్ని కత్తితో చెక్కి, సొరంగం ఉన్నదాన్ని నాటకుండా ఉంటే పురుగు పెరట్లో అడుగు పెట్టదు.

కొబ్బరికి వచ్చే ఎర్ర ముక్కు పురుగు మట్టి పురుగు కాదు, చెట్టు కాండంలో ఉంటుంది. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. 2013లో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018లో పలాస దగ్గర తిత్లీ తుపానులు తీరం దాటినప్పుడు కూలిన కొబ్బరి మొద్దులు తోటల్లో గుట్టలు పడ్డాయి. అటువంటి కుళ్లిన మొద్దుల్లోనూ పేడగుంటల్లోనూ కొమ్ము పురుగు పెరుగుతుంది, అది చేసిన గాయాల వాసనకే ఎర్ర ముక్కు పురుగు చెట్టును చేరుతుంది. పేడగుంటలో బొటనవేలంత లావున, మూడు జతల కాళ్లతో కనబడేది కొమ్ము పురుగు పిల్ల. అదే గుంటలో, వీపు మీద వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తి పాకే పురుగు కూడా దొరుకుతుంది. అది పూల పెంకు పురుగు సంతానం, కుళ్లిన పదార్థాన్నే తింటుంది. నేల మీద పెట్టి అది ఎలా పాకుతుందో ఒక నిమిషం చూస్తే చాలు, చంపాలో వదలాలో తెలిసిపోతుంది.

పచ్చిక సంగతి

బరంపురంలోనూ గోపాల్‌పూర్ వసతిగృహాల దగ్గరా పెంచే పచ్చికలో మచ్చలు పడినప్పుడు అమెరికా సమాచారం చదివినవారు గడ్డి ముక్కు పురుగును అనుమానిస్తారు. నా అభిప్రాయంలో మన పచ్చికలో ముందు అనుమానించవలసింది పెంకు పురుగు పిల్లలనే. పసుపుబారిన చోట గడ్డిని గుప్పిట పట్టి లాగితే చాపలా లేచివస్తే వేళ్లు తెగిపోయాయని అర్థం, అక్కడ తవ్వితే కాళ్లున్న తెల్ల పురుగులు దొరుకుతాయి. గడ్డి మొదలు దగ్గర పుటుక్కున తెగి, తెగిన చోట గుల్లగా ఉండి రంపపు పొట్టు రాలితే అప్పుడు ముక్కు పురుగు గురించి ఆలోచించవచ్చు. బకెట్టు నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కలిపి పోస్తే గొంగళి పురుగులు పైకి వస్తాయి గానీ, వేళ్ల దగ్గర ఉన్న పిల్లలు రావు, వాటికి తవ్వకం తప్పదు. అడుగు చదరంలో ఒకటీ అరా పురుగు దొరికినంత మాత్రాన పచ్చికకు మందు అవసరం లేదు. గోరింకలూ కొంగలూ వచ్చి పొడుస్తున్నాయంటే పురుగు ఉన్నట్టే, అవే కొంత పని చేసిపెడతాయి కూడా. మందస, సోంపేట తోటల్లో రాత్రికి రాత్రి ఏర్పడే పెద్ద గుంటల విషయం వేరు. అవి చాలా వరకు చెదపురుగుల కోసం ఎలుగుబంటి తవ్వినవి, వాటిని చూసి మట్టికి మందు పెట్టవద్దు.

ఏ పద్ధతిని ఎంచుకోవాలి

మార్కెట్లో దొరికేవాటిలో వేప పిండి, శిలీంధ్రపు పొడులు, పురుగులను చంపే నులిపురుగులు, రసాయన గుళికలు ముఖ్యమైనవి. చేత్తో ఏరడం వీటన్నిటికీ తోడుగా ఉండవలసిన పని.

వంగ ముక్కు పురుగుకు నేను మొదట సూచించేది వేప పిండి. ఎకరానికి 200 కిలోల లెక్కన చెప్పే మోతాదును పెరటికి కుదిస్తే చదరపు మీటరుకు 50 గ్రాములు అవుతుంది. నాట్లకు ముందు మట్టిలో కలిపి, నెల తరువాత మొదలు చుట్టూ మరోసారి వేసి తడి ఇవ్వాలి. ఇది ఉన్న పురుగును వెంటనే చంపదు. గుడ్లు పెట్టడాన్ని, పిల్లల ఎదుగుదలను తగ్గిస్తుంది, మొక్కకు కొంత ఎరువుగా కూడా పనికొస్తుంది. కాబట్టి మొక్కలు సగం ఎండిపోయాక వేప పిండి వేసి ఫలితం లేదనడం న్యాయం కాదు. బరంపురం, పర్లాకిమిడి బజారుల్లో నిమ పిడియా అని అడిగితే ఇదే ఇస్తారు. నూనె పూర్తిగా పిండేసిన పాత సరుకు కన్నా ఘాటు వాసన ఉన్న తాజా పిండిని ఎంచుకోవాలి.

పిల్లలు నేలలో ఇప్పటికే ఉన్నాయని తవ్వి తెలుసుకున్నప్పుడు మెటారైజియం లేదా బవేరియా శిలీంధ్రపు పొడి మెరుగైన ఎంపిక. బాగా మాగిన పశువుల ఎరువు 100 కిలోలకు రెండు కిలోల చొప్పున, అంటే కిలోకు 20 గ్రాముల చొప్పున కలిపి, తడి గోనె కప్పి వారం రోజులు నీడలో ఉంచి, తరువాత మొదళ్ల దగ్గర మట్టిలో కలపాలి. మెటారైజియం పట్టిన పురుగు మీద ముందు తెల్లటి, తరువాత పచ్చటి బూజు కనబడుతుంది, బవేరియా అయితే తెల్లగానే ఉంటుంది. ఈ రెండిటికీ తేమ కావాలి, ఎండ పనికిరాదు. అందువల్ల మృగశిర కార్తె వానలు పడి నేల తడిసిన తరువాత వేసినదానికీ, రోహిణి ఎండల్లో వేసినదానికీ ఫలితంలో ఎంతో తేడా ఉంటుంది. అదే వారంలో మొక్క మొదలు దగ్గర రాగి (కాపర్) మందులు పోయడం కూడా తగదు, అవి తెగులు శిలీంధ్రంతో పాటు ఈ శిలీంధ్రాన్ని కూడా దెబ్బతీస్తాయి. పేడగుంటలోని కొమ్ము పురుగు పిల్లలకు కూడా మెటారైజియమే తగినది.

పురుగులను చంపే నులిపురుగుల విషయంలో మన ప్రాంతానికి సరిపడేది హెటెరోరాబ్డైటిస్ ఇండికా. దీన్ని 1992లో కోయంబత్తూరులో దొరికిన నమూనాలతో కొత్త జాతిగా వర్ణించారు. వేడి నేలలకు అలవాటుపడినది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీన్ని నీటిలో కలిపే పొడిగా తయారుచేసే పద్ధతిని రూపొందించింది. ఇది పురుగు శరీరంలోకి దూరి, తనతో ఉన్న బ్యాక్టీరియాను వదిలి చంపుతుంది, చచ్చిన పురుగు ఇటుక ఎరుపు రంగుకు మారుతుంది. కాళ్లున్న వేరు పురుగు మీదా, కాళ్లు లేని ముక్కు పురుగు పిల్ల మీదా కూడా పనిచేయడం దీని గొప్ప. అయితే ఇది ప్రాణమున్న సరుకు. ఎండలో ఆగిన లారీలో రెండు రోజులున్న పొట్లం, గడువు దాటిన పొట్లం వట్టి పొడితో సమానం. సాయంత్రం, తడి నేల మీద పోసి, తరువాత కూడా పది రోజులు తేమ ఆరకుండా చూడగలిగితేనే కొనండి. పచ్చికకు నా మొదటి ఎంపిక ఇదే, ఎందుకంటే పచ్చికకు ఎలాగూ రోజూ నీళ్లు పెడతారు. వేప పిండి కన్నా ఖర్చు ఎక్కువ కనుక పెద్ద మడులకు సూచించను.

రసాయన గుళికల సంగతికి వస్తే, ఒకప్పుడు విరివిగా చల్లిన ఫోరేట్‌ను 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా పూర్తిగా నిషేధించారు. కార్బోఫ్యురాన్‌లో పూత పూసిన 3 శాతం గుళికలు తప్ప మిగిలిన రూపాలను 2023లో ఆపేశారు. పాత నిల్వ ఇంకా ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి. అనుమతి ఉన్న మందు అయినా, వారానికి రెండు సార్లు కాయలు కోసుకుని వండుకునే పెరటి వంగకు, పక్కనే తోటకూర, బచ్చలి ఉన్న మడికి గుళికలు తగవని నా దృఢమైన అభిప్రాయం. అవి వానపాములనూ, గుళికను గింజనుకుని మింగే పక్షులనూ చంపుతాయి. ఇసుక నేలలో మందు నీటితో పాటు త్వరగా కిందికి దిగుతుంది, బావి పెరట్లోనే ఉన్న ఇళ్లలో ఆ సంగతి ప్రత్యేకంగా ఆలోచించుకోవాలి. తినే పంట ఏదీ లేని నర్సరీల్లో, పురుగు ఉధృతి చేయి దాటినప్పుడు, లేబుల్ మీద ఆ మొక్కకు అనుమతి ఉంటేనే, లేబుల్ చెప్పిన మోతాదులోనే వాడుకోవచ్చు. ఉప్పు, కిరసనాయిలు మట్టిలో పోయమని చెప్పే చిట్కాలు పురుగుకన్నా ముందు నేలను చంపుతాయి.

ఏరడం గురించి కూడా ఒక మాట. కాళ్లున్న వేరు పురుగుల తల్లులు మొదటి మంచి వాన పడిన సాయంత్రాల్లో నేలలోంచి లేచి వేప, రేగు, తుమ్మ చెట్ల మీదికి చేరతాయి, తెల్లవారకముందే తిరిగి మట్టిలోకి దిగుతాయి. ఆ నాలుగైదు సాయంత్రాలు కొమ్మలు కుదిపి, రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీటిలో వేస్తే ఏడాది పురుగు చాలా తగ్గుతుంది, ఎందుకంటే దానికి ఏడాదికి ఒక్క తరమే. ఈ పని వీధివారందరూ కలిసి చేస్తేనే ఫలితం బాగుంటుంది. బూడిద రంగు ముక్కు పురుగుకు ఇటువంటి ఒకే ముహూర్తం లేదు కాబట్టి, ఆకు కోతలు కనబడినంత కాలం వారానికి రెండు ఉదయాలు బట్ట పరిచి కుదపడం కొనసాగించాలి.

ఇంత చూసినా సందేహం తీరకపోతే పురుగును చిన్న సీసాలో, చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ స్పిరిట్‌లో వేసి మూత బిగించాలి. పిల్ల, తల్లి రెండూ దొరికితే రెండూ పెట్టాలి. ఏ మొక్క దగ్గర, ఎంత లోతులో, ఏ తేదీన దొరికిందో పెన్సిలుతో కాగితం మీద రాసి సీసాకు అంటించాలి. పెన్ను సిరా స్పిరిట్ తగిలితే చెదిరిపోతుంది. వాడిన మొక్కను వేళ్లు, మట్టితో సహా సంచిలో కట్టి వెంట తీసుకువెళితే ఇంకా మంచిది. శ్రీకాకుళం జిల్లావారు దగ్గరి రైతు సేవా కేంద్రంలో గానీ ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, ఒడిశా వైపువారు తమ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించుకోవచ్చు. ఫోన్లో ఫోటో పంపేటట్లయితే పురుగును పక్కనుంచి, కడుపు వైపునుంచి విడివిడిగా తీసి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టాలి. కాళ్లు ఉన్నదీ లేనిదీ కడుపు వైపు ఫోటోలోనే తేలుతుంది.